ఆకు చూసి వడ్డించు

మా చర్చి సంఘంలో ప్రేమవిందు పెట్టిన ప్రతిసారీ ముక్కల గిన్నె ఎవరి చేతికివ్వాలన్నదే పెద్ద చర్చ. అన్నం ఎవరైనా పెడతారు. సాంబారు బకెట్టు కుర్రాళ్ళకిస్తారు. కోడికూర దగ్గరికొచ్చేసరికి మాత్రం అయ్యగారు కూడా ఒకసారి గొంతు సవరించుకుంటారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఇరవై ఏళ్ళ కిందట ఆ గిన్నె మొదటిసారి నా చేతికొచ్చినప్పుడు ఓ సంఘపెద్ద నా వెనకే నడిచారు. పామర్రు వైపు నుంచి బెజవాడ వచ్చి, పెళ్ళిళ్ళకు వంటలు చేసి బతికిన మనిషి. నేను నిలబడి గరిటె పైనుంచి వంపుతుంటే భుజం మీద చెయ్యేసి కిందికి నొక్కారు. "నడుం వంచాలబ్బాయ్. పైనుంచి వేస్తే అది వడ్డన కాదు, విసరడం." కాసేపాగి ఇంకోమాట అన్నారు: "మొహం చూడకు, ఆకు చూడు." మొహం చూస్తే మేనమామ కనపడతాడు, అప్పిచ్చినవాడు కనపడతాడు, మొన్న కమిటీలో మనకు ఎదురు తిరిగినవాడు కనపడతాడు. ఆకు చూస్తే అన్నం ఉందా, కూర ఉందా అన్నదొక్కటే కనపడుతుంది.

"ఇంకా కావాలా?" అని అడగడం ఆయనకు గిట్టేది కాదు. అడిగితే మొహమాటస్తుడు వద్దనేసి సగం కడుపుతో లేస్తాడట. ఆకుకు చెయ్యి అడ్డం పెట్టడంలోనూ రెండు రకాలున్నాయనేవారు. వేళ్ళు దగ్గరగా బిగిసి ఉంటే నిజంగానే చాలు. వేళ్ళ మధ్య సందుంటే ఇంకో గరిటె వెయ్యొచ్చు.

వడ్డించినవాళ్ళం చివర్న తింటాం. అప్పటికి గిన్నెలో ముక్కలుండవు, అడుగున పులుసే. ఎంగిలాకులు ఎత్తేసి, చేతులు కడుక్కుని, గోడవారగా కూర్చుని తినే ఆ పులుసన్నం రుచి నాకు ఏ పెళ్ళివిందులోనూ తగల్లేదు. ఎందుకని అడిగితే చెప్పలేను. తుడిచిపెట్టినట్టు ఖాళీ అయిన ఆకులు చూసిన కళ్ళతో తింటాం కాబట్టేమో.

అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం తీసినప్పుడల్లా నాకు ఆ పెద్దాయనే గుర్తొస్తారు. యెరూషలేములో తొలి సంఘానికి వచ్చిన తగువు సిద్ధాంతం గురించి కాదు, వడ్డన గురించి. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ పంపకంలో సరిగా అందడం లేదని గొణుగుడు పుట్టింది. సర్దడానికి ఏడుగురిని ఎన్నుకున్నారు, స్తెఫను వారిలో ఒకడు. ఏడుగురివీ గ్రీకు పేర్లే. అంటే గొణిగినవాళ్ళ చేతికే గరిటె ఇచ్చారని నేననుకుంటాను. మనం పరిచర్య అనే మాట వెనకున్న గ్రీకు పదం దియాకోనియా. బల్ల దగ్గర అన్నం వడ్డించే పనికీ అదే మాట. ఇప్పుడు పరిచర్య అంటే మనకు ముందు మైకు గుర్తొస్తుంది.

వలపక్షం మన దగ్గరా తక్కువేం కాదు. ఇంగ్లండు మిషనరీ రాబర్ట్ నోబుల్ 1841లో బందరు వచ్చాడు. 1843లో బడి పెట్టాడు. 1865లో అక్కడే కన్నుమూసేదాకా ఒక్కసారైనా సొంతదేశం వెళ్ళి రాలేదు. ఆయన పేరుతో కాలేజీ ఇప్పటికీ బందరులో ఉంది. అంత ఇచ్చుకున్న మనిషి, పైకులాల పిల్లలు బడి మానేస్తారని, అంటరానివాళ్ళనిపించుకున్న పిల్లలకు తలుపు తీయలేదు. మా బంతుల్లో ఇవాళ కూర్చునేవాళ్ళలో చాలామంది తాతముత్తాతలు ఆ తలుపు బయట ఉండిపోయినవాళ్ళే. ఆయనంటే నాకు గౌరవమూ ఉంది, కోపమూ ఉంది. ఇరవైనాలుగేళ్ళు నడుం వంచాడు, కానీ మొహాలు చూసి వడ్డించాడు.

ఇంత తెలిసిన నాకు, ఆకు ముందు కూర్చోవడం మాత్రం రాలేదు. అది తెలిసింది 2024 సెప్టెంబరు 1న. ఆదివారం. ఆరాధనకు చొక్కా వేసుకుంటుంటే బెజవాడ సింగ్‌నగర్‌లో మా వీధిలోకి బుడమేరు వాగు వచ్చింది. ఎగువన గట్లకు గండ్లు పడ్డాయి. అటు కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద మర్నాటికి 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కింది వాటా మునిగింది. అమ్మను మేడమీదికి చేర్చాం. కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి.

మర్నాడు పడవ వచ్చింది. ముంజేతికి ఎర్రదారం కట్టుకున్న కుర్రాడు పులిహోర పొట్లం పైకి చాపాడు. నా చెయ్యి ముందుకు రాలేదు. "పక్కింటివాళ్ళకివ్వు బాబూ" అన్నాను. అదేదో త్యాగమనుకునేరు, ఉత్త సిగ్గు. నా కాళ్ళు నువ్వు కడగడమేమిటని ప్రభువు ముందు కాళ్ళు ముడుచుకున్న పేతురుది వినయమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అందులో పాలెంత, నీళ్ళెంతో ఆ మేడమీద తెలిసింది.

"ఎంతమంది అంకుల్?" అన్నాడతను. నా మొహం చూడలేదు. నా వెనక చాప మీద పడుకున్న అమ్మను చూశాడు. పొట్లాల మీద రెండు పాల ప్యాకెట్లు పెట్టాడు.

"చాలు బాబూ, చాలు" అని చెయ్యి అడ్డం పెట్టాను. అతను నా వేళ్ళకేసి చూసి, ఇంకో పొట్లం పెట్టి, తెడ్డు అందుకున్నాడు.