కనపడని లోహానికి సాక్షులు

ఆర్‌ఎన్‌ఏతో పనిచేసే ప్రయోగశాలలో రెండు సీసాలు తప్పకుండా ఉంటాయి. ఒకదాంట్లో మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణం, రెండోదాంట్లో ఈడీటీఏ. మొదటిది కొద్దిగా వేస్తే ఆర్‌ఎన్‌ఏ పోగు తన మడతలు తానే వేసుకుని పనిలోకి దిగుతుంది. రెండోది వేస్తే అది మెగ్నీషియాన్నంతా గుప్పిట్లోకి లాక్కుంటుంది, మడతలు సడలిపోతాయి. ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్ అయితే ఏకంగా రెండు ముక్కలుగా విడిపోతుంది.

కారణం ఆర్‌ఎన్‌ఏ వెన్నెముకలోనే ఉంది. అందులో ప్రతి ఫాస్ఫేట్ మీదా ఒక రుణావేశం ఉంటుంది. ఈస్ట్‌లో ఫినైల్అలనిన్‌ను మోసే టీఆర్‌ఎన్‌ఏలో ఇలా ఫాస్ఫేట్ ఉన్న లంకెలు, అంటే న్యూక్లియోటైడ్లు, 76. ఒకదాన్నొకటి నెట్టుకునే అన్ని రుణావేశాలను దగ్గరకు చేర్చి, ఆ పోగును 'ఎల్' అక్షరంలా మడిచి నిలబెట్టాలంటే మధ్యలో ధనావేశం కావాలి. సోడియం, పొటాషియం కొంత సాయపడతాయి. కానీ చిన్న ఒంట్లో రెండు ధనావేశాలు పెట్టుకున్న మెగ్నీషియానిదే పెద్ద పాత్ర.

అది అతుక్కునే తీరు కూడా ఒకటి కాదు. నీళ్లలో ప్రతి మెగ్నీషియం అయాన్ చుట్టూ ఆరు నీటి అణువులు మూగి ఉంటాయి. చాలా అయాన్లు ఒకచోట కుదురుగా ఉండక ఆర్‌ఎన్‌ఏ చుట్టూ మబ్బులా తిరుగుతుంటాయి. కొన్ని నీటి తొడుగుతోనే వచ్చి గాడిలో ఒదుగుతాయి. కొద్ది అయాన్లు మాత్రం ఆ తొడుగులో కొంత వదిలి, నేరుగా ఆక్సిజన్‌ను పట్టుకుంటాయి. రసాయన చర్య జరిగే చోట సాధారణంగా పనిచేసేవి ఈ చివరి రకానివే.

ఏది ఏ రకమో తేల్చడం దగ్గరే చిక్కు. మెగ్నీషియం అయాన్‌కు రంగు లేదు. ఎక్స్‌రేలతో చూద్దామంటే దానికున్నవి 10 ఎలక్ట్రాన్లు. సోడియం అయాన్‌కూ అంతే, నీటి అణువుకూ అంతే. స్ఫటిక చిత్రంలో మూడూ ఒకేలాంటి మచ్చలు. ఆక్సిజన్ నుంచి దూరం సుమారు 2.1 ఆంగ్‌స్ట్రామ్‌లు ఉందా, చుట్టూ ఆరుగురు పొరుగువారు లంబకోణాల్లో కుదిరారా అని కొలిచి చూసుకోవాలి. ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పదికోట్లవ వంతు.

అందుకే ఈ రంగంలో ఒక సంప్రదాయం స్థిరపడింది: మెగ్నీషియం చోట మరో లోహాన్ని కూర్చోబెట్టి, దానిచేత సాక్ష్యం చెప్పించడం. ఒక్కో లోహానికి ఒక్కో గుణం. సీసం తను కూర్చున్న చోట పోగును తెంపేస్తుంది. తెగిన చోటే దాని చిరునామా. టీఆర్‌ఎన్‌ఏలో సీసం ఎలా కోస్తుందో ఆరన్ క్లూగ్ బృందం 1983లో స్ఫటికంలోనే చూపించింది. కోబాల్ట్ హెక్సమీన్ మరో రకం. నీటి తొడుగు వేసుకున్న మెగ్నీషియంలాగే ఉంటుంది గానీ తన అమోనియా తొడుగును అంత తేలిగ్గా విప్పదు. దీనితో పని నడిస్తే నేరుగా పట్టుకోవలసిన అవసరం లేదన్నమాట. అదే పోలిక ఉన్న ఆస్మియం హెక్సమీన్‌కు ఎలక్ట్రాన్లు ఎక్కువ కాబట్టి ఎక్స్‌రేలకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1996లో జెన్నిఫర్ డౌడ్నా, థామస్ చెక్ తదితరులు 160 న్యూక్లియోటైడ్ల ఆర్‌ఎన్‌ఏ భాగం ఆకృతిని తేల్చింది దాని సాయంతోనే.

అన్నిటికంటే నేర్పైనది గంధకపు పరీక్ష. మెగ్నీషియానికి ఆక్సిజన్ అంటే ఇష్టం, గంధకం అంటే గిట్టదు. మాంగనీసు రెంటితోనూ సర్దుకుపోతుంది. అనుమానమున్న ఒక్క ఆక్సిజన్‌ను తీసి గంధకం పెడతారు. మెగ్నీషియంతో చర్య కుంటుపడి, మాంగనీసు కలపగానే మళ్లీ పుంజుకుంటే, ఆ పరమాణువును లోహం నేరుగా పట్టుకుంటోందన్నమాట.

దీని విలువ తెలియాలంటే 1982 నాటి సంగతి చెప్పాలి. టెట్రాహైమెనా అనే ఏకకణజీవిలో ఒక ఆర్‌ఎన్‌ఏ ఏ ప్రొటీన్ సాయమూ లేకుండా తన ముక్కను తానే కత్తిరించుకుంటుందని చెక్ బృందం చూపింది. అందుకు మెగ్నీషియం తప్పనిసరి. ఆర్‌ఎన్‌ఏ ఇలా రసాయన చర్య నడపగలదని కనుగొన్నందుకు 1989లో చెక్‌కు, సిడ్నీ ఆల్ట్‌మన్‌కు నోబెల్ వచ్చింది. అయితే లోహం పోగును నిలబెట్టే గుంజ మాత్రమేనా, కోతలో తానూ చెయ్యి వేస్తోందా? 1993లో జోసెఫ్ పిచిరిల్లి, చెక్ తదితరులు గంధకపు పరీక్షతో తేల్చారు: చెయ్యి వేస్తోంది.

మన జన్యు సందేశాల్లో అక్కరలేని భాగాలను కత్తిరించే స్ప్లైసియోజోమ్‌లో ప్రొటీన్లూ ఉన్నాయి, ఆర్‌ఎన్‌ఏలూ ఉన్నాయి. కోత ఎవరి పని అన్నది చాలాకాలం తేలలేదు. 2013లో పిచిరిల్లి, జొనథన్ స్టేలీ బృందాలు ఈస్ట్‌లో అదే గంధకపు పరీక్ష పెట్టాయి. లోహాలను పట్టుకుని కోత నడిపేది యూ6 అనే ఆర్‌ఎన్‌ఏ అని తేలింది. 2015లో క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చిత్రాలు వచ్చినప్పుడు, లోహాలు ఆ యూ6 దగ్గరే కనిపించాయి.