పల్లెలో నేరం - పరిశీలనలో సత్యం

అపరాధ పరిశోధక నవల అనగానే మన ఉపాధ్యాయులలో పలువురు నొసలు ముడుస్తారు. పాఠ్యపుస్తకం చాటున దానిని చదివే విద్యార్థిని మందలించడం పరిపాటి. ఐతే ఈ కోవలోని మంచి నవలలు విజ్ఞానశాస్త్ర పద్ధతికి దగ్గర చుట్టాలు. ఉన్నదానిని ఉన్నట్లు చూడడం, మామూలు స్థితి ఏదో ఎరిగి దానికి భిన్నమైనదానిని పట్టుకోవడం, ఊహను సాక్ష్యంతో సరిచూడడం - ఈ మూడూ ప్రయోగశాలలోను, పరిశోధక నవలలోను జరిగే పనులే. ఆంగ్ల రచయిత్రి అగాథా క్రిస్టీ 1962లో వెలువరించిన ‘ది మిర్రర్ క్రాక్డ్ ఫ్రమ్ సైడ్ టు సైడ్’ ఇందుకు చక్కని ఉదాహరణ. దాని గుణదోషాలు ఎంచవలెనంటే ముగింపు చెప్పక తప్పదు.

తెలుగులో డిటెక్టివు నవలకు విశేష ప్రచారం తెచ్చినవారిలో తెనాలిలో జన్మించిన కొమ్మూరి సాంబశివరావు ముఖ్యుడు. ఆయన సృష్టించిన యుగంధర్ వృత్తిరీత్యా డిటెక్టివు. క్రిస్టీ పాత్ర మిస్ మార్పుల్ అట్టిది కాదు. ఆమె అల్లికపని చేసుకొంటూ ఇంటిపట్టున ఉండే అవివాహిత, వృద్ధురాలు. ఊరివారి నడవడిని గురించిన జ్ఞాపకమే ఆమె సాధనం.

ఆ సాధనం విలువ మనకు తెలియవలెనంటే రేపల్లెకు చేరువలో కృష్ణ ఒడ్డునున్న పెనుమూడిని తలచుకొంటే చాలును. జనం పడవలపై ఆవలి ఒడ్డున పులిగడ్డకు దాటిన రోజులలో రేవే ఊరికి వాకిలి. కొత్తమనిషి దిగితే ఎవరింటి చుట్టమో ఒడ్డుననే తేలిపోయేది. ఈ శతాబ్ది తొలి దశాబ్దంలో పెనుమూడి - పులిగడ్డ వంతెన వచ్చినది. 216వ జాతీయ రహదారి వాహనాలు దానిమీదుగా సాగిపోతున్నవి. అవనిగడ్డకు, బందరుకు దారి సుగమమైనది. కాని ఎవరు వచ్చినదీ ఎవరు పోయినదీ రేవు చెప్పినట్లు వంతెన చెప్పదు. ఊరు పెరిగేకొద్దీ ‘మామూలు’ అనేది ఏదో నిర్ణయించడం కష్టమవుతుంది.

క్రిస్టీ ఎత్తుకొన్న సమస్య సరిగా ఇదే. మిస్ మార్పుల్ నివసించే సెయింట్ మేరీ మీడ్ గ్రామం ప్రక్కన కొత్త ఇండ్ల కాలనీ లేచినది. పాత భవనాన్ని మెరీనా గ్రెగ్ అనే సినిమానటి కొన్నది. ఊరివారి కోసం అక్కడ జరిగిన వేడుకలో, కాలనీకి చెందిన హెదర్ బాడ్‌కాక్ అనే స్త్రీ నటి చేతి పానీయం త్రాగి మరణించినది. విషం నటికి ఉద్దేశించినదని అందరూ తలచారు. మిస్ మార్పుల్ మాత్రం చనిపోయిన స్త్రీ ఎట్టిదో ఆలోచించినది. హెదర్ దయగలదే, ఐతే తన పని ఎదుటివారికి ఏమి తెచ్చిపెడుతుందో యోచించని మనిషి. అట్టి మనిషిని వృద్ధురాలు లోగడ తన ఊరిలోనే చూచి ఉన్నది. ఇండ్లు కొత్తవైనా మనుషుల స్వభావాలు పాతవే అన్నది ఆమె సిద్ధాంతం.

రహస్యమంతా ఒక జబ్బులో ఉన్నది. ఏండ్ల క్రిందట హెదర్ జ్వరపు పడకనుంచి లేచి, ముఖాన రంగు పూసుకొని, అభిమానంతో నటిని చూడబోయినది. ఆ జబ్బు రుబెల్లా, అనగా జర్మన్ తట్టు. అప్పుడు నటి గర్భవతి. పుట్టిన బిడ్డకు బుద్ధిమాంద్యం కలిగినది. హెదర్ ఆ ముచ్చటను సంబరంగా చెప్పగా విన్న తల్లియే హంతకురాలైనది.

ఈ ఆధారానికి గట్టి శాస్త్రబలం ఉన్నది. 1941లో ఆస్ట్రేలియా నేత్రవైద్యుడు నార్మన్ గ్రెగ్, కంటిశుక్లాలతో పుట్టిన 78 మంది శిశువులను గురించి ప్రకటించాడు. అట్టి శిశువులు మామూలుకంటె ఎక్కువగా రావడమే ఆయనను ఆలోచింపజేసినది. విచారించగా 68 మంది తల్లులకు గర్భకాలంలో రుబెల్లా సోకినట్లు తేలినది. తల్లులు తమలో తాము చెప్పుకొన్న మాటలే ఆయనకు దారి చూపినవని అంటారు. మిస్ మార్పుల్ పద్ధతికి ఇది ఎంత దగ్గరో చూడండి! నటికి గ్రెగ్ అనే పేరుండడమూ గమనింపదగినదే. ఆ వైరసును పరిశోధకులు వేరుచేసినది నవల వెలువడిన 1962లోనే.

ఐతే లోపాలు లేకపోలేదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో క్రిస్టీ ఆసుపత్రి మందులశాలలో పనిచేసినది. 1920 నాటి తొలి నవలలో ఆమె ముష్టి గింజలలోని స్ట్రిక్నిన్‌ను వాడినది. మందుసీసాలో బ్రోమైడ్ చేరగా విషం అవక్షేపమై అడుగుకు దిగి చివరి మోతాదులో ప్రాణం తీస్తుంది. రసాయనశాస్త్రం చదివిన పాఠకుడు దానిని ముందే ఊహించవచ్చును. ఈ నవలలోని విషమో ‘కాల్మో’ అనే కల్పిత ఔషధం. దాని గుణాలను పాఠకుడు తర్కించలేడు. అంతకంటె పెద్ద లోపం మరొకటి. ఆ బిడ్డ తల్లి దుఃఖానికి కారణంగా మాత్రమే కథలో నిలిచినది. ఆ బిడ్డ జీవితం ఎట్టిదో రచయిత్రి పట్టించుకోలేదు. వినికిడి, చూపు తక్కువైన పిల్లలకు పాఠం చెప్పే ఉపాధ్యాయులు ఈ మౌనాన్ని గుర్తించకపోరు.

ఈ కథలో హెదర్‌కు చెడుతలపు లేదు. తన జబ్బు మరొకరికి, అందునా గర్భస్థ శిశువుకు, ఏమి చేయగలదో ఆమెకు తెలియదు. వంతెనలు, రహదారులు మనుషులను దగ్గర చేసినపుడు ఈ తెలియనితనం మరింత ప్రమాదకరం. ఆంధ్రప్రదేశ్‌లో 2017 ఆగస్టులో తట్టు - రుబెల్లా టీకా కార్యక్రమం బడులలో సాగినది. ఆ టీకా ఎందుకని అడిగే పిల్లలకు ఈ నవలను మించిన జవాబు అరుదు.

పాత రేవు, కొత్త వంతెన ఎదురెదురుగా ఉన్న మన డెల్టా పల్లెలపై ఇట్టి నవల రాదగినది. అంతవరకు ఉపాధ్యాయులు ఈ నవలనే తరగతిలో వాడుకోవచ్చును. చివరి అధ్యాయానికి ముందు పుస్తకం మూయించి, అంతవరకు దొరికిన ఆధారాలను విద్యార్థులచే వ్రాయించవలెను. ఏది చూచినదో, ఏది ఊహించినదో వేరుచేయించవలెను. ఆ రెండు పట్టీలు కలిసిపోకుండా వ్రాయగలిగిన విద్యార్థి ప్రయోగశాలలోనూ తడబడడు.