చప్పుడు ఎప్పుడొస్తది సారూ?

నార్కట్‌పల్లి – అద్దంకి రోడ్డు మీద పాత కారు నడిపేవాడి చెవి ఒకటి ఎప్పుడూ ఇంజన్ మీదే ఉంటుంది. దామరచర్ల దగ్గర ఆ రోడ్డుకు రొద ఎక్కువ. సిమెంటు లారీలు, మిర్యాలగూడ మిల్లులకు పోయే వడ్ల ట్రాక్టర్లు, వీర్లపాలెంలోని 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం వైపు తిరిగే బండ్లు. ఇంత గోలలోనూ తన బండిలో కొత్తగా పుట్టిన చిన్న ‘బుర్ర్’ యజమానికి వినబడిపోతుంది. పక్కసీటు వాళ్లకు వినబడదు. షెడ్డుకు తీసుకెళ్తే, సరిగ్గా ఆ పూటే అది నోరు మూసుకుంటుంది.

ఇలాంటి చప్పుడు పట్టుకోవడంలో మన రోడ్డు పక్క షెడ్లకు ఒక విద్య ఉంది. దామరచర్ల, మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట, ఎక్కడైనా దాని సరంజామా ఒకటే: ఒక జాకీ, నాలుగు పానాలు, పొడుగాటి స్క్రూడ్రైవర్, చేతిగుడ్డ, చెవి. పెద్ద పని పడితే విజయవాడ ఆటోనగర్ ఎలాగూ ఉంది. కానీ చప్పుడు ఎక్కడిదో తేల్చేది ఈ షెడ్లే. ‘చెవి పెట్టి చెప్పేస్తాడు’ అని జనం మెచ్చుకుంటారు గానీ, ఆ మెప్పులో సగం పొరపాటుంది. చెవికంటే ముందు పనిచేసేది ప్రశ్న. చప్పుడు ఎక్కడినుంచి వస్తోందని మనం వెతుకుతాం. పనితెలిసిన మెకానిక్ ఎప్పుడు వస్తోందని అడుగుతాడు.

దానికి కారణముంది. గాలిలో ధ్వని వేగం సెకనుకు 340 మీటర్ల చిల్లర, ఉక్కులో దాదాపు 5,000. వెనక సైలెన్సర్ దగ్గర పుట్టిన అదురు రేకు పట్టుకుని డ్రైవరు కాళ్ల కింద తేలుతుంది. అంటే ‘ఎక్కడ’ అన్నదానికి చెవి అబద్ధం చెప్పగలదు. ‘ఎప్పుడు’ అన్నదానికి బండి అబద్ధం చెప్పలేదు. తిరిగే ప్రతి భాగానికీ తన వేగం తనకుంది. మారుతి 800 చక్రం అరవై కిలోమీటర్ల వేగంలో సెకనుకు సుమారు పది చుట్లు తిరుగుతుంది. ఇంజన్ తిరుగుడు వేరు, గేరును బట్టి మారుతుంది. అదురు ఏ తిరుగుడు వెంట పోతోందో తెలిస్తే సగం బండిని పక్కన పెట్టేయవచ్చు.

దామరచర్లలో ఒక షెడ్డు ముందు ఆ మధ్య చూసిన సంగతి చెబుతాను. ఒక స్కూలు మాస్టారు తన పాత మారుతి 800 తెచ్చారు. అరవై దగ్గర కాళ్ల కింద ఒకటే అదురు. అప్పటికే మరోచోట వీల్ బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయించారు, ముందు షాకబ్జర్లు మార్పించారు. అదురు మాత్రం అట్లాగే ఉంది.

“ఎప్పుడొస్తది సారూ?”

“అరవై కాంగనే.”

“నాలుగో గేర్లనా?”

“ఔ.”

“మూడో గేర్ల?”

మాస్టారు చూడలేదు. “రాండ్రి, ఒక చుట్టు పోయొద్దాం” అని మెకానిక్ స్టీరింగ్ పట్టాడు. నేనూ వెనక కూర్చున్నాను. నాలుగో గేర్లో అరవైకి అదురు వచ్చింది. రోడ్డు ఖాళీగా ఉన్నచోట న్యూట్రల్ వేశాడు, ఇంజన్ ఆపకుండా. (ఆపితే బ్రేకు బరువెక్కుతుంది, తాళం చెవి ఇంకాస్త తిరిగిందా, స్టీరింగే బిగుసుకుంటుంది. ఈ పని మీరు మాత్రం చేయకండి.) వేగం అరవై దగ్గరే ఉంది, అదురు పోయింది. తర్వాత మూడో గేరు. ఈసారి నలభై దగ్గరే మొదలైంది, అరవైకి చేరేసరికి లేదు. “చక్రాలది ఏం తప్పులేదు సారూ” అన్నాడు, బండి తిప్పుతూ. చక్రానిదే తప్పయితే గేరు ఏదైనా అరవైకే రావాలి, న్యూట్రల్లోనూ ఉండాలి. ఇది ఇంజన్ తిరుగుడు వెంట పోతోంది.

షెడ్డుకు వచ్చాక బండి నిలబెట్టే వెతికాడు. కుర్రాణ్ణి యాక్సిలరేటర్ మీద కూర్చోబెట్టాడు. “రేసు పెంచు... ఇంక జర... ఆగు, ఆడనే పట్టు.” నిలబడ్డ బండిలోనే అదురు పలికింది. కిందికి దూరి, సైలెన్సర్ గొట్టాన్ని చెక్కముక్కతో మెల్లగా పక్కకు నెట్టాడు. చప్పుడు ఠక్కున ఆగింది. చెక్క తీస్తే మళ్లీ మొదలు. గొట్టం ఒకచోట అడుగు రేకును ముట్టుకుంటోంది.

చాలామంది ఇక్కడ గొట్టాన్ని వంచి డబ్బు తీసుకుంటారు. అతను బానెట్ ఎత్తాడు. నిన్నటిదాకా తగలని గొట్టం ఇవాళ ఎందుకు తగిలినట్టు? ఇంజన్ మౌంటింగ్ రబ్బరు పగిలి కుంగిపోయింది, దాంతో ఇంజనూ, ఇంజన్‌కు బిగించిన గొట్టమూ కిందికి దిగాయి. మారుతి 800ది మూడు సిలిండర్ల ఇంజన్, స్వభావంగానే కాస్త ఊగుతుంది. ఆ ఊపును మింగేది ఆ రబ్బరే. మౌంటింగ్ మార్చాడు, గొట్టం దానంతటదే రేకును వదిలింది. షాకబ్జర్లకు పెట్టిన డబ్బు మాత్రం మాస్టారికి తిరిగి రాలేదు.

మరి మూడో గేర్లో ఆ అదురు నలభై దగ్గర వచ్చి, వేగం పెరిగితే పోవడమేమిటి? ఊయలకు దాని ఊపు కుదిరిన క్షణంలోనే తోపు అందితే పైకి లేస్తుంది, ముందో వెనకో తోస్తే లేవదు. బండిలో ప్రతి రేకుకూ గొట్టానికీ తన ఊపు తనకుంటుంది. ఇంజన్ తిరుగుడు దానికి కలిసినచోట మోగుతుంది, దాటితే ఊరుకుంటుంది. అందుకే ‘ఎంత స్పీడుకు మొదలై ఎంతకు పోతది’ అని పదేపదే అడుగుతారు.

చక్రం తప్పు ఉంటే కథ వేరు. రిమ్ముకు ఒకచోట ఇరవై గ్రాములు బరువెక్కువ ఉందనుకోండి. మారుతి 800 చక్రంలో అది అరవై వేగంలో కిలోకు పైచిలుకు బలంతో లాగుతుంది, సెకనుకు పదిసార్లు. వేగం రెట్టింపయితే లాగుడు నాలుగింతలు. సాగర్ ఎడమ కాల్వ కింద ఊళ్లలో ఆ ఇరవై గ్రాములు తరచూ బురదే. పొలంబాట బురద రిమ్ము లోపలి వైపు పట్టి ఎండిపోతుంది, బయటి నుంచి కనబడదు. పైపైన కడిగి బ్యాలెన్సింగ్ చేయిస్తే, మిషను ఆ బురదను కూడా లెక్కలో వేసుకుని ఎదురుగా సీసం కొట్టిస్తుంది. వారానికి బురద రాలిపోతుంది, అదురు తిరిగొస్తుంది. ముందు రిమ్ము లోపల గీకించండి, తర్వాత మిషను. అదురు స్టీరింగ్‌లో తెలిస్తే ముందు చక్రాలను, సీటులో తెలిస్తే వెనక చక్రాలను ముందుగా అనుమానించాలి.

బేరింగు ‘గూఁ’ అని ఏడుస్తుంది, వేగంతో పాటు గొంతు పెంచుతుంది. ఎడమకు తిప్పినప్పుడు ఏడుపు పెరిగితే బరువు పడే కుడి చక్రాన్ని చూస్తారు. ఇక్కడొక చక్కని కిటుకుంది. జాకీ మీద చక్రం లేపి, ఒక చేత్తో తిప్పుతూ రెండో చేత్తో కాయిల్ స్ప్రింగ్ పట్టుకుంటారు. చెవికి అందని గరగర స్ప్రింగులోంచి వేళ్లకు అందుతుంది. అదే చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే ఆడేది ఎక్కువగా బేరింగు, అటూ ఇటూ పట్టి ఊపితే ఆడేది టై రాడ్. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలించినప్పుడు ‘కట్ కట్’ మంటే ఆక్సిల్ జాయింటు పని అయిపోయినట్టే.

2014 దాకా తయారైన అంబాసిడర్లో ఇంజన్ ముందు, తిప్పే చక్రాలు వెనక. మధ్యలో ప్రొపెల్లర్ షాఫ్టు చక్రం కంటే నాలుగింతలకు పైగా వేగంతో తిరుగుతుంది. ఆ షాఫ్టు కొసల కీళ్లలోని క్రాస్ మార్చేటప్పుడు రెండు కొసల యోకులు ఒకే వరసలో పడేట్టు గుర్తు పెట్టుకోవాలి. పెట్టుకోకుండా విప్పి, ఒక్క పన్ను అటుగా ఎక్కించినా కొత్త క్రాసుతోనే బండి వణుకుతుంది. పాత మేస్త్రీలు వెనక చక్రాలు లేపి, బండి గట్టిగా ఆనించి, తిరిగే షాఫ్టుకు సుద్దముక్క దగ్గరగా పట్టేవారు. ఉబ్బు ఉన్నవైపే గీత పడుతుంది. దానికి ఎదురుగా ట్యూబు క్లిప్పు ఒకటి బిగించి, జరుపుతూ జరుపుతూ వణుకు చంపేవారు. ఇప్పుడు ఆ ఓపిక చేయించుకునేవాడికీ లేదు.

స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి, మొన ఆల్టర్నేటర్ మీదా వాటర్ పంపు మీదా పెట్టడం అందరూ చూసే ఉంటారు. పారిస్‌లో లెనెక్ అనే వైద్యుడు 1816లో కాగితం చుట్టి రోగి ఛాతీ మీద పెట్టి విన్నాడు, స్టెతస్కోపు అలా పుట్టింది. ఇదీ ఆ పనే. ఇంకా సులువైన పరీక్ష కూడా ఉంది: ఫ్యాన్ బెల్టు తీసి అర నిమిషం నడిపినప్పుడు చప్పుడు పోతే బెల్టు తిప్పేవాటిలోనే దొంగ ఉన్నట్టు. ఆ అర నిమిషం దాటితే ఇంజన్ వేడెక్కుతుంది. ఇదే రోడ్డు మీద ధాబాల దగ్గర లారీ క్లీనరు దిగగానే రాడ్డుతో జంట టైర్లు ఒక్కొక్కటీ కొట్టి పోతాడు. గాలి ఉన్న టైరు రాడ్డును ఎగరగొడుతుంది, లేనిది ‘దబ్’ మని మింగుతుంది. కొట్టి వినడం అతనికి ఎవరూ పుస్తకంలో చెప్పలేదు.

కారు లోపలి చప్పుళ్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ముందు బండి ఖాళీ చేయండి. గ్లోవ్ బాక్సులో చిల్లర, డిక్కీలో వదులు జాకీ, నెంబరు ప్లేటు స్క్రూ. మెకానిక్ నవ్వుకునే కేసులన్నీ ఇవే.

ఈ విద్య మీద మోజుతో ఒక మాట మింగకూడదు. చదువు మానేసి పదేళ్లకే పానా పట్టిన పిల్లల భుజాల మీద ఇది పెరిగింది. ఆ పద్ధతి పోవడమే మంచిది. ఐటీఐలో రెండేళ్ల మోటార్ మెకానిక్ కోర్సు ఉంది. ఈ ప్రశ్నల వరసను అక్కడ కూర్చోబెట్టి నేర్పవచ్చు. కొత్త బండ్లకు స్కానర్ ఉంది కదా అంటారు. సెన్సరు చూసేదాన్నే అది చెబుతుంది. కుంగిన రబ్బరుకు, రిమ్ములో బురదకు కోడ్ నెంబరు లేదు.

అసలు చిక్కు బిల్లులో ఉంది. పార్టుకు ధర ఉంది, బిగించినందుకు మజూరీ ఉంది, కనిపెట్టినందుకు ఏమీ లేదు. రెండు గంటలు వెతికి వదులైన నట్టు ఒకటి బిగించినవాడికి యాభై చేతిలో పెట్టి, అవసరం లేని షాకబ్జర్లు అమ్మినవాడికి వేలు ఇస్తాం. ఇట్లాంటి లెక్కలో ఏ మెకానిక్ అయినా వెతకడం మానేసి మార్చడం మొదలుపెడతాడు, తప్పు అతనిది కాదు. ఈసారి షెడ్డుకు వెళ్లేటప్పుడు ఎంత వేగంలో, ఏ గేర్లో, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా అన్నది కాగితం మీద రాసుకు వెళ్లండి. పక్కన కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పండి. పార్టు ఏదీ మారకపోయినా, వెతికినందుకు ఎంతో ముందే మాట్లాడుకుని ఇవ్వండి.