చెప్పులు కుట్టే చోట సువార్త: ఒంగోలు మిషను గ్రంథాలు రెండింటి పరిశీలన

ఒంగోలు ఉజ్జీవం అనగానే మన ప్రసంగాలలో మొదట వినిపించేది ఒక సంఖ్య. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. అందుకై దేవునిని స్తుతించుట తగినదే. అయితే వారు మరునాడు ఏ పనికి వెళ్ళారు? ఎవరి వాకిట నిలబడ్డారు? ఈ ప్రశ్నను మనం అరుదుగా అడుగుతాం. విశ్వాసం నిత్యజీవితంలో సాక్ష్యంగా మారే విధానాన్ని బోధించవలసిన మనకు, ఆ రెండవ రోజే ముఖ్యమైన పాఠం.

ఈ విషయమై రెండు గ్రంథాలు మనకు ఉపకరిస్తాయి. మొదటిది 1899లో వెలువడిన 'వైల్ సోయింగ్ శాండల్స్', అంటే 'చెప్పులు కుడుతూ'. రెండవది 1914 నాటి 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియెంట్'. మొదటి దానిని రాసినది ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. రెండవది ఆమె భర్త జాన్ ఎవరెట్ క్లౌ చెప్పిన తన జీవితకథ. అందులో 'నేను' అన్నది ఆయనే అయినా దానికి అక్షరరూపం ఇచ్చినది ఆమె. అది వెలువడక ముందే, 1910లో, క్లౌ మరణించారు.

మొదటి గ్రంథం పేరులోనే ఒక వేదాంతం ఉంది. మాదిగ పాలెంలోని పనిని పక్కకు నెట్టి సువార్తను చెప్పడం సాధ్యం కాదని ఆ పేరు సూచిస్తుంది. 1866లో క్లౌ చేత బాప్తిస్మము పొందిన ఎర్రగుంట్ల పేరయ్య జీవితమే ఇందుకు నిదర్శనం. ఆయన వ్యాపారం పనిమీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు సువార్త విన్నారు. తిరిగివచ్చి మొదట తన భార్య నాగమ్మతోనూ, ఆ తరువాత బంధువుల పాలేలలోనూ చెప్పారు. మిషనరీ బంగళా నుండి కాక, వృత్తి, బంధుత్వం అనే రెండు దారుల వెంట సువార్త నడిచింది. మన చరిత్ర పాఠాలు మిషనరీతో మొదలై మిషనరీతో ముగియడం వలన ఈ సంగతి మరుగునపడింది.

విశ్వాసులను క్లౌ ముఖ్యంగా మూడు విషయాలు అడిగారు: ఆదివారము పని చేయకూడదు, చచ్చిన పశువుల మాంసము తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. పైకి ఇవి సాధారణ సంఘ నియమాలు. గ్రామ వ్యవస్థలో ఇవి తిరుగుబాటు. రైతు పిలిచిన రోజున పనికి వెళ్ళాలి, చచ్చిన గొడ్డును మోయాలి, జాతరలో డప్పు కొట్టాలి. మాదిగ కుటుంబానికి దొరికే గింజలు ఈ కట్టుబాట్లతో ముడిపడి ఉండేవి. కనుక విశ్వాసి చెప్పే ఒక్క 'రాను' అనే మాటకు అతని ఇంటి తిండి పణంగా ఉండేది.

విశ్రాంతి దినము గురించి ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయము చెప్పిన కారణం ఇక్కడ స్పష్టమవుతుంది. ఐగుప్తులో దాసులై యున్నవారు తమ దాసునికీ దాసికీ విశ్రాంతి ఇవ్వాలి. పాలెంలోని ఆదివారం, తన శరీరానికి భూస్వామి కంటె పైన మరొక యజమానుడు ఉన్నాడనే ఒప్పుకోలు.

అయితే ఈ గ్రంథాలను విమర్శ లేకుండా స్వీకరించలేము. మొదటిది, పాలెం ప్రజల మాట మనకు నేరుగా చేరడం లేదు. అది పరదేశీయురాలి కలం గుండా, పరభాషలో వస్తున్నది. రెండవది, 1914 నాటి గ్రంథపు ఉపశీర్షికలో ఒక మనిషి, ఒక మిషను, ఒక ఉద్యమం అనే వరుస ఉంది. పేరయ్య, నాగమ్మల వైపు నుండి చూస్తే ఈ వరుస తిరగబడవలసి ఉంటుంది. మూడవది, మాంసపు నియమాన్ని చదివేటప్పుడు జాగ్రత్త అవసరం. దానిని వెట్టి బంధకం నుండి విడుదలగా చదవవచ్చు. 'అపవిత్రత' నుండి శుద్ధిగా కూడా చదవవచ్చు. రెండవ విధంగా చదివితే, అంటరానితనపు కొలమానాన్నే సంఘంలోనికి తెచ్చుకున్నవారమవుతాము. అపొస్తలుల కార్యములు 9, 10 అధ్యాయాలలో పేతురు యొప్పేలో చర్మకారుడైన సీమోను ఇంట దిగాడు. కొర్నేలీ ఇంటికి అతడు బయలుదేరినది ఆ ఇంటి నుండే. సీమోను తోళ్ళ పని మానిన తరువాతనే పేతురు ఆ గడప తొక్కాడని వాక్యం చెప్పలేదు.

ఈ విమర్శ మన పరిచర్యను కూడా తాకుతుంది. నేడు విశ్వాసి భక్తిని మనం ఆరాధన హాజరు, కానుక, ఉపవాస కూడికలతో కొలుస్తున్నాము. ఆదివారం సెలవు దొరకని దుకాణపు పనివానిని మందలిస్తాము. అదే ఆదివారం విశ్వాసులైన యజమానులు మందిరంలో ఉండగా, వారి ఇంటిలో అంట్లు తోముతున్న పనిమనిషి సంగతి ప్రస్తావించము. పాలెంలో పేదవాని విడుదలకు ఉపకరించిన నియమం మన చేతిలో హాజరు పట్టీగా మారింది. పేదవాడు తన జీవనోపాధిని పణంగా పెట్టి నిలుపుకున్న ఆదివారాన్ని, కలిగినవాడు తన పనిమనిషికి ఒక్క పూట సెలవైనా ఇవ్వకుండా అనుభవించడం సువార్తకు తగినది కాదు.

కాబట్టి ఈ రెండు గ్రంథాలను సెమినరీ తరగతిలో చదివించేటప్పుడు, సంఖ్యతో పాటు పనిని గురించిన ప్రశ్న కూడా వేయాలి. విద్యార్థులు తమ సొంత సంఘాలలోని వృద్ధులను కలిసి, ఆ కుటుంబంలో మొదట నమ్మినవారు ఏ పని చేసేవారో, నమ్మిన తరువాత ఆ పనిలో ఏది మానుకున్నారో, అందుకు ఏమి పోగొట్టుకున్నారో అడిగి వ్రాసుకోవాలి. అవి పరదేశీయుల గ్రంథాలలో దొరకని సాక్ష్యాలు. ఆ వృద్ధులు మన మధ్య ఉండగానే ఈ పని జరగాలి.