మోర్గన్ ఎందుకు మాట వినలేదు?

1990లో బీబీసీ ‘ట్రబుల్‌షూటర్’ అని ఒక సీరీస్ వేసింది. అందులో ఒక భాగం మోర్గన్ అనే చిన్న స్పోర్ట్స్ కార్ల కంపెనీ గురించి. దాన్ని నేను ఇప్పటికి నాలుగుసార్లు చూశాను. మూడుసార్లు నవ్వుకుంటూనే చూశాను. నాలుగోసారి కర్లపాలెంలో మా మావయ్య పక్కన కూర్చుని చూశాను. అప్పుడు నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో రాసుకుందామనే ఈ వ్యాసం. కార్ల సంగతి సాహిత్య పత్రికలో ఎందుకూ అంటే, ఈ కంపెనీల గురించి మనకి తెలిసేదంతా కథల్లోంచే. ఆ కథలు చెప్పే పద్ధతి మీద నాకు కొన్ని అనుమానాలున్నాయి.

ముందు కార్యక్రమం సంగతి. సర్ జాన్ హార్వీ-జోన్స్ అనే పెద్దాయన వస్తాడు. ఐసీఐ అనే మహా రసాయనాల కంపెనీకి 1982 నుంచి 1987 దాకా ఛైర్మన్‌గా చేసినవాడు. పొడుగు జుట్టు, జిగేల్మనే టై. ఇంగ్లండులో మాల్వెర్న్ అనే ఊళ్ళో ఇటుక షెడ్లలో కార్లు కడుతుంటారు. (మా వైపు లారీకి బాడీ ‘కడతారు’ అంటాం. ఆ మాట మోర్గన్‌కి సరిగ్గా సరిపోతుంది.) ఒక షెడ్డులోంచి ఇంకో షెడ్డులోకి కారుని మనుషులే తోసుకెళ్తారు. మోర్గన్‌ది చెక్క ఛాసిస్ అని చాలామంది అనుకుంటారు, కాదు. ఛాసిస్ ఉక్కుదే. దాని మీద యాష్ అనే చెట్టు కొయ్యతో చట్రం కట్టి, ఆ చట్రానికి రేకు తొడుగుతారు. ముందు చక్రాల సస్పెన్షన్ చూస్తే, స్థాపకుడు హెచ్.ఎఫ్.ఎస్. మోర్గన్ 1910 ప్రాంతాల్లో తన మూడు చక్రాల బండికి పెట్టిన పద్ధతే. కారు కావాలంటే పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఆగాలి.

పెద్దాయన ఇదంతా చూసి తల పట్టుకుంటాడు. ఉత్పత్తి పెంచండి, పద్ధతులు మార్చండి, లేకపోతే మునిగిపోతారు అని చెప్తాడు. స్థాపకుడి కొడుకు పీటర్, మనవడు చార్ల్స్ మర్యాదగా వింటారు. పెద్దాయన చెప్పినట్టు మాత్రం చెయ్యరు.

మోర్గన్ మునగలేదు. కార్యక్రమం వచ్చాక ఆర్డర్లు ఇంకా పెరిగాయి. దాంతో ఇదొక నీతికథ అయిపోయింది. లెక్కల మనిషి ఓడిపోయాడు, పనితనం గెలిచింది అని. కార్ల అభిమానులు ఇప్పటికీ ఇలాగే చెప్పుకుంటారు. నేను కూడా ఆఫీసులో కన్సల్టెంట్లు వచ్చినప్పుడల్లా ఇదే చెప్పి నవ్వించేవాణ్ణి.

ఈ చదువులో తప్పేంటంటే, అది మొండితనాన్ని ఒక గుణంగా చూపిస్తుంది. వినకపోవడమే మోర్గన్‌ని కాపాడిందంటే, మరి టీవీఆర్ ఎందుకు పోయింది?

టీవీఆర్ బ్లాక్‌పూల్‌లో ట్రెవర్ విల్కిన్సన్ పెట్టిన కంపెనీ. ట్రెవర్ అనే పేరులోంచే మూడక్షరాలు తీసి కంపెనీకి పెట్టాడు. 1981లో పీటర్ వీలర్ అనే కెమికల్ ఇంజనీరు దాన్ని కొన్నాడు. అప్పటికే ఆ కార్ల కస్టమరు. మొండితనంలో మోర్గన్ వాళ్ళు ఈయన ముందు దిగదుడుపే. ఎయిర్‌బ్యాగులు వద్దు, ఏబీఎస్ వద్దు, అవి ఉంటే డ్రైవరుకి లేనిపోని ధైర్యం వస్తుంది అనే రకం. ఒక కారు నమూనాని ఆయన కుక్క కొరికితే, ఆ కొరికిన ఆకారం బాగుందని అలాగే ఉంచేశారని ఒక కథ. నిజమో కాదో గానీ ఆ కంపెనీకి అతికినట్టుంటుంది. 1990లలో వీలర్ ఇంకో అడుగు వేశాడు. బయటి ఇంజన్లెందుకు, మనమే చేసుకుందాం అన్నాడు. చేశారు కూడా. అద్భుతంగా మోగే ఇంజన్లు. కానీ వాటిలో పేరుమోసిన ఆరు సిలిండర్ల ఇంజను మొదట్లో తెగ మొరాయించింది. వారంటీ కింద బాగుచేసిచ్చే ఖర్చు కంపెనీకి భారమైంది. 2004లో కంపెనీ నికొలాయ్ స్మొలెన్‌స్కీ అనే 24 ఏళ్ళ రష్యన్ చేతికి వెళ్ళింది. 2006లో బ్లాక్‌పూల్ ఫ్యాక్టరీ మూతబడింది. ఆ పేరుతో మళ్ళీ కార్లు వస్తాయని 2017లో ఒక నమూనా చూపించారు గానీ, షోరూముల దాకా రాలేదు.

ఇక్కడ నాకు ఒక విషయం తట్టింది. ఈ చిన్న కంపెనీల వింతలుగా మనం చెప్పుకునేవాటిలో చాలా భాగం నిజానికి లెక్కలే. మూడు చక్రాలెందుకు? అప్పట్లో బ్రిటన్‌లో తేలికపాటి మూడు చక్రాల బండికి కారు పన్ను కాకుండా మోటార్ సైకిల్ పన్ను పడేది. ఫైబర్ బాడీ ఎందుకు? రేకుని వంచే డైలకి అయ్యే ఖర్చు లక్ష కార్లు అమ్మితే గిట్టుతుంది, వందల్లో అమ్మితే గిట్టదు. కారుని ముక్కలుగా అమ్మడమెందుకు? కట్టిన కారు మీద కొనుగోలు పన్ను ఉండేది, విడిభాగాల మీద ఆ బెడద లేదు. 1957లో వచ్చిన లోటస్ సెవెన్‌ని చాలామంది ఇంటికి తెచ్చుకుని సొంతంగా బిగించుకున్నది అందుకే. బిగించే విధానం రాసివ్వకూడదని నియమం ఉంటే, లోటస్ వాళ్ళు విప్పే విధానం రాసిచ్చారని, దాన్ని వెనకనుంచి చదువుకోమన్నారని ఒక ముచ్చట చెప్తారు. 1973లో పాత పన్ను పోయి వ్యాట్ వచ్చింది, ముక్కలకున్న వెసులుబాటు పోయింది. లోటస్ ఆ ఏడాదే సెవెన్‌ని కేటరామ్ అనే డీలరుకి అమ్మేసింది. కేటరామ్ ఇప్పటికీ దాన్ని కడుతోంది.

ఈ కళ్ళతో చూస్తే మోర్గన్ వేరేగా కనిపిస్తుంది. వాళ్ళు చెక్క, రేకు, తోలు పని చేత్తో చేశారు. అవి చేత్తో బాగా వచ్చే పనులు. ఇంజను మాత్రం ఎప్పుడూ బయటినుంచే తెచ్చుకున్నారు. ఫోర్డు, ట్రయంఫ్, 1968 నుంచి రోవర్ వీ8, తర్వాత బీఎండబ్ల్యూ. లక్షల్లో చేస్తే తప్ప కుదురుగా రాని వస్తువు జోలికి పోలేదు. టీవీఆర్ సరిగ్గా అక్కడే చెయ్యి పెట్టింది. ఇద్దరూ మొండివాళ్ళే. ఎక్కడ మొండికెయ్యాలో ఒకరికి తెలుసు.

మన దగ్గరి ఉదాహరణ ఇంకోటి ఉంది. బెంగళూరులో సిపానీ వాళ్ళు 1982లో డాల్ఫిన్ అని ఫైబర్ బాడీ కారు తెచ్చారు. అది ఇంగ్లండులో రిలయెంట్ అనే చిన్న కంపెనీ చేసిన కిటెన్ కారుకి మన అవతారం. బాడీ ఫైబర్‌ది కాబట్టి పెద్ద ప్రెస్సులు అక్కర్లేదు. లెక్క సరైనదే. కానీ 1983 డిసెంబర్లో మారుతి 800 వచ్చింది. రేకు బాడీ, నాలుగు తలుపులు, జపాన్ పనితనం. కొనేవాడికి కావాల్సింది ఇంటిల్లిపాదీ ఎక్కే నమ్మకమైన బండి. ఆ మాటకి దగ్గర్లో మారుతి ఉండగా డాల్ఫిన్ కోసం ఎవరాగుతారు? డాల్ఫిన్‌కి చిన్న కంపెనీ లెక్క ఉంది, చిన్న కంపెనీకి కావాల్సిన కస్టమరు లేడు.

పెద్దగా మారినవాళ్ళ గతేంటి? 1968లో లేలాండ్, ఆస్టిన్, మోరిస్, ఎంజీ, ట్రయంఫ్, జాగ్వార్ అన్నిటినీ ఒకే గొడుగు కింద చేర్చి బ్రిటిష్ లేలాండ్ చేశారు. 1975కల్లా ప్రభుత్వం చేతుల్లోకి తీసుకోవాల్సి వచ్చింది. 1929 నుంచి ఎంజీలు కట్టిన ఆబింగ్డన్ ఫ్యాక్టరీని 1980లో మూసేశారు. ఈరోజు ఎంజీ పేరు చైనా కంపెనీ సాయిక్ చేతిలో ఉంది. గుజరాత్‌లోని హలోల్‌లో తయారైన హెక్టర్లు 2019 నుంచి గుంటూరు రోడ్ల మీద తిరుగుతున్నాయి. మంచి కార్లే. కానీ ఆబింగ్డన్‌కీ వాటికీ మధ్య ఎనిమిది మూలల బొమ్మ తప్ప ఏమీ మిగల్లేదు. ఇంకో తమాషా ఏంటంటే, లేలాండ్ అనే పేరు పలికితే బాపట్లలో చిన్న పిల్లాడికి కూడా లారీ గుర్తొస్తుంది. ఆ పేరు మద్రాసులో బతికింది.

అంటే ఒక తయారీదారుడు పోయాక మిగలగలిగేవి మూడు. పేరు, నమూనా, పని. ఎంజీలో పేరు మిగిలింది. సెవెన్‌లో నమూనా మిగిలింది. మోర్గన్‌లో పని మిగిలింది, అదే ఊళ్ళో, అవే షెడ్లలో. అక్కడ కూడా కథ సుఖాంతమేమీ కాదు. చార్ల్స్ మోర్గన్‌ని 2013లో ఎండీ పదవినుంచి తప్పించారు. 2019లో కంపెనీలో సింహభాగం ఒక ఇటలీ పెట్టుబడి సంస్థకి వెళ్ళింది. పెద్దాయన మాట అసలు వినలేదన్నదీ పూర్తి నిజం కాదు. 2000లో అల్యూమినియం ఛాసిస్‌తో ఏరో 8 తెచ్చారు, చెక్క చట్రం మాత్రం ఉంచుకున్నారు. విన్నారు, కానీ తమ వేగంతో విన్నారు.

ఇప్పుడు మావయ్య సంగతి. కర్లపాలెం నుంచి బాపట్ల పోయే రోడ్డు మీద ఆయనకి షెడ్డు ఉండేది. విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకుని వచ్చి, లారీలకి చెక్క బాడీలు, ట్రాక్టర్లకి ట్రక్కులు కట్టేవాడు. తనూ, ఇంకో ముగ్గురూ. పని ఒప్పుకుంటే రెండు నెలలు ఆగమనేవాడు. రైతులు తిట్టుకుంటూనే ఆగేవాళ్ళు. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో ఒక సంక్రాంతికి వెళ్ళి, లాప్‌టాప్ తీసి ఎక్సెల్‌లో లెక్కేసి చూపించాను. రెండు నెలల క్యూ అంటే రెండు నెలల ఆదాయం బయట నిలబడిపోయినట్టు అన్నాను. ఇంకో షెడ్డు వెయ్యి, మనుషుల్ని పెంచు అన్నాను. మోర్గన్ వాళ్ళు వినలేదు. మావయ్య విన్నాడు, మేనల్లుడు ఇంజనీరు కదా అని. అప్పు తెచ్చి రెండో షెడ్డు వేశాడు, ఎనిమిదిమందిని పెట్టుకున్నాడు. ఏడాదిన్నరలో క్యూ కరిగిపోయింది. ఆ తర్వాత పని తగ్గింది. బాడీతో సహా వచ్చే బళ్ళు పెరిగాయి, ఒక ఏడాది పంట దెబ్బతింది. నెలనెలా కట్టాల్సిన వాయిదా మాత్రం తగ్గలేదు. చివరికి అరెకరం అమ్మి అప్పు తీర్చాడు.

మా ఊళ్ళో వేసవిలో కాలవ కట్టేస్తారు. కట్టేసే ముందు మంచినీళ్ళ చెరువు నింపుకుంటారు. నిండుగా ఉన్న చెరువుని చూసి ‘ఇన్ని నీళ్ళు ఊరికే పడున్నాయే’ అని ఎవడూ అనడు. నేను అన్నాను. హార్వీ-జోన్స్ కూడా అదే అన్నాడు. ఆయన అన్న ఏడాదే బ్రిటన్ మాంద్యంలోకి జారింది. రిలయెంట్ ఆ ఏడాదే కుప్పకూలింది. జనరల్ మోటార్స్ అండతో ఎక్కువ సంఖ్యలో అమ్ముదామని లోటస్ తెచ్చిన ఎలాన్‌ని 1992లో ఆపేశారు. 1990లో మోర్గన్ రెండింతల షెడ్లు వేసుంటే ఏమయ్యేదో నాకు మావయ్య అరెకరంలో కనిపిస్తుంది.

కార్యక్రమం మీద నా అసలు ఫిర్యాదు ఇదే. సలహా తప్పో ఒప్పో తేలడానికి ఏళ్ళు పడుతుంది. కార్యక్రమానికి మాత్రం గంటలోపే ముగింపు కావాలి. సలహా ఇచ్చినవాడు కారెక్కి వెళ్ళిపోతే కథ అయిపోతుంది. ఆ తర్వాత వాయిదాలు కట్టే భాగం ఎవరూ తియ్యరు. మోర్గన్ గెలిచిందని చప్పట్లు కొట్టేవాళ్ళు కూడా ఆ భాగాన్ని చూడరు. విన్నవాళ్ళ కథలకి కెమెరా రాదు కాబట్టి, వినకపోవడం అంత తేలిగ్గా కనిపిస్తుంది.

నాలుగోసారి చూసేటప్పుడు మావయ్యకి ఒక్కొక్క మాటా తెలుగులో చెప్తూ వచ్చాను. పెద్దాయన మాటల దగ్గర ఆయన పెద్దగా పట్టించుకోలేదు. చట్రం కట్టే చోట మాత్రం ఆపమన్నాడు. వెనక్కి తిప్పించి మళ్ళీ చూశాడు.

“ఆ చెక్క ఎన్నాళ్ళు ఆరబెడతారో అడిగారంట్రా?” అన్నాడు.

నాలుగుసార్లు చూసినా నాకు ఆ ప్రశ్న రాలేదు. తెలీదు మావయ్యా అన్నాను.

“అది తెలీకుండా ఎన్ని కట్టాలో ఎట్టా చెప్తాడు?” అని, టీ తాగడానికి లేచాడు.