పంతులుకు మన మాట రావాలి

గోండు పిల్లవాడు బడిలో చేరిన కొత్తలో "ఏర్" అని అడిగాడనుకుందాం. దాహం వేసి మంచినీళ్లు అడుగుతున్నాడు. తెలుగు మాత్రమే తెలిసిన పంతులుకు అది వాగులా వినిపిస్తుంది. పిల్లవాడు రెండోసారి అడగడు. మౌనం అక్కడ మొదలవుతుంది. కొన్నేళ్లకు ఆ మౌనానికే 'చదువులో వెనుకబడినవాడు' అని పేరు పెడతారు.

ఈ సంగతి పెద్దలకు ఎప్పుడో తెలుసు. 1943లో హైమండార్ఫ్ చొరవతో నిజాం ప్రభుత్వం ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టింది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వచ్చాయి. గూడెం యువకులే పంతుళ్లయ్యారు. పలక పట్టిన పిల్లవాడికి అక్షరాలతో పాటు, తనవాడొకడు బోర్డు ముందు నిలబడటం కూడా కనిపించింది. 'నేనూ కావచ్చు' అన్న ఆశ అలా పుడుతుంది. ఏ పాఠ్యపుస్తకమూ దాన్ని ఇవ్వలేదు.

2000 జనవరిలో వచ్చిన జీవో 3 షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆదివాసీలకు ఆదివాసీలే చదువు చెప్పాలనడం సరికాదని అభిప్రాయపడింది. నూరు శాతం రిజర్వేషన్ ప్రతిభను కాదంటుందన్నది ఒక వాదన. మనం అడిగేది ఒక్కటే: ఆరేళ్ల కోయ పిల్ల మాట అర్థం చేసుకోవడం ప్రతిభ కాదా? దాన్ని ఏ పరీక్షలో ఎన్ని మార్కులకు కొలుస్తున్నారు?

అయితే తప్పంతా బయటివారి మీద వేసి మనం తప్పించుకోలేం. జీవో 3 వల్ల ఉద్యోగాలు పొందిన మనలో ఎందరం తరగతిలో మన భాష మాట్లాడాం? ఇన్‌స్పెక్షన్ వస్తే నవ్వుతారని భయపడ్డాం. "తెలుగులో చెప్పు" అని మన పిల్లలనే గద్దించాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, కొలామి, సవర వంటి ఎనిమిది భాషల్లో వాచకాలు తయారయ్యాయి. వాటిని మనమెంత వాడాం? మన పిల్లలను పట్నం ఇంగ్లీషు బడికి పంపి, గూడెం బడి గురించి ఉపన్యాసాలిచ్చాం.

పంతులు ఏ తెగవాడన్నది ముఖ్యమే. గూడెం బడిలో ఉద్యోగాలు మనకు దక్కాలన్న పోరాటం ఆగకూడదు. కానీ ఆ కుర్చీలో కూర్చున్నాక మన నోట మన మాట రాకపోతే, పిల్లవాడి దృష్టిలో మనమూ బయటివాళ్లమే. రేపు బడికి వెళ్లే ప్రతి ఆదివాసీ టీచరూ మొదటి పీరియడ్ పిల్లల భాషలోనే మొదలుపెట్టాలి. అందుకు ఏ జీవో అక్కర్లేదు.