రైలు వదిలిన కట్ట మీద

తన పుస్తకానికి ముందుమాట రాయమని ఈ అమ్మాయి అడిగినప్పుడు ఉన్నమాట చెప్పేశాను: "నేను సైకిలు తొక్కి నలభై ఏళ్ళయిందమ్మా!" "నడుస్తారుగా బాబాయిగారూ, అది చాలు" అంది. ఆ ధైర్యంతోనే ఈ నాలుగు మాటలు.

పిట్స్‌బర్గ్‌లో మా అబ్బాయింట్లో గడిపిన మొదటి వేసవి నాకు బాగా గుర్తు. పిల్లలు ఆఫీసులకు వెళ్ళిపోయాక మా ఇద్దరికీ మిగిలేది కిటికీ. అమెరికాలో కారు నడపడం రాని పెద్దవాళ్ళకు గుమ్మం దాటితే పోయేచోటు ఉండదు. మా వీధి కాలిబాట నాలుగిళ్ళ దాకా బుద్ధిగా సాగి, ఉన్నట్టుండి గడ్డిలో కలిసిపోయేది. శనివారం పెన్ హిల్స్‌లో వెంకన్న గుడి, మిగతా ఆరు రోజులూ టీవీ. అలాంటప్పుడు ఈ అమ్మాయి మమ్మల్ని మొనాంగహేలా నది ఒడ్డున దారికి తీసుకెళ్ళింది. మొదటిరోజే ఒక సైకిలాయన వెనకనుంచి "ఆన్ యువర్ లెఫ్ట్" అని కేకేశాడు. ఎడమకు జరగమంటున్నాడనుకుని సరిగ్గా అతని చక్రం ముందుకే జరిగాను. 'నీ ఎడమ పక్కనుంచి వెళ్తున్నాను, కదలకు' అని దానికి అర్థమట! ఆయన ఎలాగో పడకుండా నిలదొక్కుకుని, దిగి, పది నిమిషాలు కబుర్లు చెప్పి మరీ వెళ్ళాడు. ముక్కూమొహం తెలియని అమెరికావాడితో నేను తీరిగ్గా మాట్లాడటం అదే మొదలు.

ఆ దారి పేరు గ్రేట్ అలెగెనీ పాసేజ్. పిట్స్‌బర్గ్ నుంచి మేరీలాండ్‌లోని కంబర్లాండ్ దాకా 150 మైళ్ళు. చాలామటుకు రైళ్ళు మానేసిన పాత కట్టే. రైలింజను నిటారుగా ఎక్కలేదు కనుక, కొండలు దాటుతున్నా దాదాపు ఎక్కడా నూరడుగులకు రెండడుగుల మించి ఎత్తు పెరగదు. అరిగిన మోకాళ్ళకు అంతకంటే ఏం కావాలి? అటు అట్లాంటిక్‌కూ ఇటు మెక్సికో సింధుశాఖకూ నీళ్ళు చీలిపోయే గట్టును 2,392 అడుగుల ఎత్తున దాటుతాం. బిగ్ సావేజ్ సొరంగం 3,294 అడుగులు. చలికాలంలో దానికి తలుపులు వేసేస్తారు.

ఇవన్నీ ఏ పర్యాటక పుస్తకంలోనైనా దొరుకుతాయి. ఈ అమ్మాయి పట్టుకున్నది వేరే సంగతి. ఒహయోపైల్ దగ్గర మొదటి తొమ్మిది మైళ్ళు 1986లో తెరిచారు. అక్కణ్ణుంచి ముక్కముక్క అతుకుతూ వస్తే, నగరం అంచున మైలు పొడవైనా ఉండని చివరి ముక్క 2013లోగాని కలవలేదు. ఒకపక్క నడుస్తున్న రైలు పట్టాలు, ఇంకోపక్క ప్రైవేటు జాగాలు. ఇరవయ్యేడేళ్ళు! తొమ్మిది మైళ్ళ దారికి వచ్చేవాడు ఇంటినుంచి డబ్బా తెచ్చుకుని, తిని, సాయంత్రానికి ఇల్లు చేరతాడు. ఊరికి అతనివల్ల ఒరిగేది లేదు. నూటయాభై మైళ్ళు పోయేవాడు మాత్రం దారిలో పడుకోవాలి, అన్నం తినాలి, పంక్చరు వేయించుకోవాలి. బొగ్గూ ఉక్కూ రైలూ ఒక్కొక్కటే తప్పుకున్నాక వెలవెలబోయిన మేయర్స్‌డేల్, కాన్‌ఫ్లుయెన్స్, వెస్ట్ న్యూటన్‌లాంటి చిన్న ఊళ్ళకు రాత్రి బసచేసే మనుషులు వచ్చింది ఆ పొడవు వల్లే. దారినపోయేవాణ్ణి ఊరి బజారులోకి మళ్ళించడమెలాగో చెప్పడానికి 2007 నుంచి 'ట్రైల్ టౌన్' అనే కార్యక్రమమే నడిచింది.

కంబర్లాండ్‌లో ఇది పాత సీ అండ్ ఓ కాలువ గట్టును కలుస్తుంది. అక్కణ్ణుంచి వాషింగ్టన్‌కు మరో 184.5 మైళ్ళు. ఆ గట్టును మోటారు రోడ్డు చేద్దామన్నప్పుడు 1954లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్, రోడ్డును సమర్థించిన పత్రికా సంపాదకుల్ని తనతో నడిచి చూడమన్నాడు. ఆ నడకలో చివరిదాకా నిలిచినవాళ్ళు ఆయనతో కలిపి తొమ్మిదిమందే. రోడ్డు మాత్రం రాలేదు. 1971లో ఆ కాలువ జాతీయ చారిత్రక ఉద్యానమైంది. కోనసీమవాణ్ణి కదా, ఈ కాలువ మీద రాసిన ప్రకరణం చదువుతుంటే మా కాలువ గట్లే కళ్ళముందు మెదిలాయి. గట్టు మీద మనుషులు తాడేసి పడవలు లాగిన దారే బళ్ళకూ, బడికి పోయే పిల్లలకూ దారి. అక్కడ కంచరగాడిదలు లాగేవట, అంతే తేడా.

కట్టను చెక్కుచెదరకుండా ఉంచడం ఎందుకంత ముఖ్యమో ఒక ప్రకరణంలో చక్కగా చెప్పింది. రైలు మానేసిన కట్టను ముక్కలుగా అమ్మేయకుండా, రేపు రైలుకే కావాలంటే తిరిగిచ్చే షరతుమీద దారిగా వాడుకోవచ్చని 1983లో అమెరికావాళ్ళు చట్టం చేసుకున్నారు. ఈ ముందుచూపు విలువ మావైపువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో పట్టాలు పీకేసిన కాకినాడ–కోటిపల్లి లైనుకు అరవై ఏళ్ళు దాటాక, 2004లో మళ్ళీ రైలొచ్చింది.

ఒక్కచోట మాత్రం నాకు చిన్న పేచీ ఉంది. హాట్ మెటల్ బ్రిడ్జి మీద సాయంకాలపు వర్ణన బాగుంది, కాదనను. ఒకప్పుడు కరిగిన ఇనుమును ఈ గట్టునుంచి ఆ గట్టుకు దాటించిన వంతెన అది. కానీ కొలిమి ముందు నిలబడ్డవాడి జీతం, బసకొచ్చినవాళ్ళకు పక్కలు సర్దే పనిలో రాదు. ఈ మాట పుస్తకంలో ఒక్క వాక్యంలో దాటేసింది, ఒక ప్రకరణమే కావాలి. రెండో కూర్పుకు రాస్తానంది. అప్పటిదాకా వదలను.

మొత్తం దారిని రెండుసార్లు సైకిలుమీదా, కొంత నడిచీ చూసొచ్చి రాసిన మనిషి కాబట్టి, నీళ్ళెక్కడ దొరుకుతాయో, ఏ ఊళ్ళో పప్పన్నం ఆశ వదులుకోవాలో కూడా రాసింది. అట్టలు గట్టిగా, సంచి పక్కజేబులో పట్టేలా వేయించమన్నాను. అలాగే వేయించింది. నా ప్రతి మీద అప్పుడే రెండు వానల మరకలున్నాయి.